ఉప్పుగాలిలో పాత కారు

బందరులో పాత అంబాసిడరు కారుకు ఇంజనుకన్న ముందు రేకే శిథిలమగును. 2014లో ఈ కార్ల తయారీ నిలిచిపోయినది గనుక ఉన్న ఇనుమునే కాపాడుకొనవలెను. పదునైదేండ్లు నిండిన సొంత కారును తనిఖీ చేయించి, అయిదేండ్లకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలసి యుండును; తుప్పుపట్టిన అడుగురేకుతో అక్కడికి పోవుట సాహసమే.

సముద్రపుగాలి తెచ్చిన ఉప్పు రేకుపై చేరి చెమ్మను పీల్చును. ఆ ఉప్పుతడిలో ఇనుము త్వరగా తుప్పగును. తుప్పు గుల్లబారి నీటిని పట్టియుంచును గనుక, దానిపై రంగు పూసినంత మాత్రమున లోపలి క్షయము ఆగదు.

మంగినపూడి తీరమున తిరిగివచ్చిన నాడే చక్రాల గూళ్లను, అడుగుభాగమును మంచినీటితో కడుగవలెను. ఉప్పబోరు నీటితో కడిగి ప్రయోజనము లేదు. తలుపుల అడుగుటంచున సన్నని రంధ్రములుండును. అవి మట్టితో పూడినచో వాననీరు తలుపులోనే నిలిచి రేకును తినివేయును. పుల్లతో వానిని తెరచియుంచుట కానీ ఖర్చులేని పని; నన్నడిగినచో పాలిషుకన్న ఇదియే ముఖ్యము. రంగు పొక్కినచోట మెరిసే ఇనుము కనబడువరకు గరుకుకాగితముతో రుద్ది, బాగుగా ఆరిన పిమ్మట రెడాక్సైడు పూసి, ఆపైన రంగు వేయవలెను.

స్ప్రింగులు బిగించిన చోట, జాకీ ఆనించు చోట రేకు మెత్తబడినచో అది ఇంటిపని కాదు. వెల్డింగు తెలిసినవారికి అప్పగింపుడు. జాకీని మాత్రమే నమ్మి కారు క్రిందికి ఎన్నడును దూరకుడు.