వాన రాకముందే వరదను చూడాలంటే తూము సంగతి చెప్పాలి

ఎకరం నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్ల నీళ్లు. పది సెంటీమీటర్లు పడితే నాలుగు లక్షలు, అంటే ట్రాక్టరు వెనక కట్టే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 80. తుపాను రోజుల్లో ఒక్క రాత్రే అంత వాన పడటం మన గంపలగూడెం వైపు కొత్త కాదు. కట్లేరు వాగు పొంగి తోటమూల, వినగడపల మధ్య రాకపోకలు ఆగిపోవడమూ కొత్త కాదు. ఈ నీళ్లు ముందు ఏ వీధిలోకి వస్తాయో, ఎన్ని గంటలు నిలుస్తాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి ముందే చూడటాన్ని సిమ్యులేషన్ అంటారు. మురుగుకాల్వకో కల్వర్టుకో పంచాయతీ డబ్బు పెట్టేముందు ఆ లెక్కను గ్రామసభలో జనం ముందు పెట్టాలని నేను గట్టిగా అనుకుంటున్నాను.

ఆ లెక్క మనకు అర్థమవుతుందా? చేసి చూద్దాం. వంద ఎకరాల మీద పది సెంటీమీటర్ల వాన అంటే నాలుగు కోట్ల లీటర్లు. సగం ఇంకిపోయిందనుకుంటే మిగతా రెండు కోట్లు రోడ్డు కింద ఒకే తూములోంచి పోవాలి. ఆ గొట్టం అడ్డుకొలత 60 సెంటీమీటర్లు, నీళ్లు నిండుగా సెకనుకు ఒక మీటరు వేగంతో పారుతున్నాయి అనుకుంటే సెకనుకు 280 లీటర్లు దాటుతాయి. ఇంజినీర్ల భాషలో ఇది 10 క్యూసెక్కులు. క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. నీళ్లన్నీ పోవడానికి 20 గంటలు పడుతుంది. అదే 90 సెంటీమీటర్ల గొట్టమైతే 9 గంటలు చాలు. అడ్డుకొలత ఒకటిన్నర రెట్లయితే నీటి దారి రెండింతలు దాటుతుంది. సిమ్యులేషన్ చేసేదీ ఇలాంటి లెక్కే. ఊరిని వేల గడులుగా విడగొట్టి, ఏ గడిలోంచి ఏ గడిలోకి ఎన్ని నీళ్లు పోతున్నాయో క్షణక్షణం లెక్కగడుతుంది.

ఇప్పుడు ఆ 60 సెంటీమీటర్ల గొట్టం సగం పూడిపోయిందనుకోండి. 20 గంటలు కాస్తా 40 అవుతుంది. పూడిక ఉపగ్రహానికి కనపడదు, ఆఫీసు రికార్డులోనూ ఉండదు. తూము పక్కన పొలం చేసుకునే రైతుకు తెలుసు. కిందటి వరదలో నీళ్లు ఏ గోడ మీద ఎంత ఎత్తుదాకా వచ్చాయో ఆ ఇంటి ఇల్లాలికి తెలుసు. వాళ్లు చెప్పకపోతే తెర మీద బొమ్మ అందంగానే ఉంటుంది కానీ లెక్క తప్పుతుంది. ప్రజల భాగస్వామ్యం అన్న మాటకు ఇక్కడ అసలైన పని ఉంది.

ఈ లెక్కకు కావలసిన ఎత్తుపల్లాల పటం ఎక్కడిది? ఇస్రో వారి భువన్‌లో కార్టోశాట్ ఉపగ్రహం నుంచి తీసిన పటం ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక్కో గడి 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, అంటే 22 సెంట్లు. ఒకటిన్నర సెంటు ఇళ్ల స్థలాలు 14 పట్టే చోటికి ఒకే ఎత్తు రాసి ఉంటుంది. ఆ ఎత్తులోనూ కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు. ఇంట్లోకి నీళ్లు వచ్చేదీ రానిదీ తేల్చేదేమో జానెడు గడప. కాబట్టి వాగు మొత్తం ఎటు పారుతుందో చూడటానికి ఈ పటం పనికొస్తుంది కానీ వీధి లెక్కకు చాలదు.

వీధికి డ్రోన్ కావాలి. ఊళ్లలో ఇళ్ల స్థలాలు డ్రోన్లతో కొలిచే కేంద్ర పథకం స్వామిత్వ 2020 ఏప్రిల్ 24న మొదలైంది. మన రాష్ట్రంలో భూముల రీసర్వేను అదే ఏడాది డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ప్రారంభించారు. ఇప్పుడా ఊరు మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఉంది. ఈ సర్వేలు హద్దుల కోసం చేసినవే అయినా డ్రోన్ ఫొటోల నుంచి ఎత్తులు కూడా తీయొచ్చు. తీయమని అడగాలి.

ఖర్చు మాటేమిటి? వరద లెక్కలు కట్టే హెచ్ఈసీ-రాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం ఉచితంగానే ఇస్తోంది. డబ్బు అయ్యేది కొలతలకూ, తెలిసిన మనిషికీ.

ఇదంతా మహానగరాల వ్యవహారం కాదా అనొచ్చు. అమరావతికి డిజిటల్ ట్విన్, అంటే కంప్యూటర్‌లో నగరం నకలు, కడతామని 2018-19 ప్రాంతంలో చెప్పిన మాట నిజమే. 2019లో ప్రభుత్వం మారి రాజధాని పనులే ఆగాయి. కానీ జర్మనీలో 30 వేల పైచిలుకు జనమున్న హెరెన్‌బర్గ్ అనే చిన్న పట్టణానికి స్టుట్‌గార్ట్ పరిశోధకులు అలాంటి నకలు కట్టి, ఊరి జనానికే చూపించి అభిప్రాయాలు అడిగారు.

నకలు మనం అడిగినదానికే జవాబు చెబుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి విజయవాడ అజిత్‌సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. "కట్ట తెగితే?" అని అడగని లెక్కలో కట్ట ఎప్పటికీ తెగదు. అందుకే గ్రామసభలో మూడు అడగాలి: ఎన్ని సెంటీమీటర్ల వాన పడుతుందనుకున్నారు, తూములు ఎంత పూడి ఉన్నాయనుకున్నారు, కట్ట నిలుస్తుందనుకున్నారా తెగుతుందనుకున్నారా. జవాబులు తీర్మానంలో రాయించాలి.

అయితే నిర్ణయం కంప్యూటర్‌దా? కాదు. గ్రామసభదే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ పనులు ఎంచుకున్నది అక్కడే. మన లెక్కలోని 90 సెంటీమీటర్ల గొట్టం వేస్తే ఎగువ వీధి సగం కంటే తక్కువ సమయంలో తేరుకుంటుంది. ఆ నీళ్లే రెండింతల జోరుతో దిగువ పొలాల మీద పడతాయి. ఎవరికి మేలో ఎవరికి చేటో తెర చూపిస్తుంది, పరిహారమో పంటకాల్వో మనుషులే తేల్చుకోవాలి. కాబట్టి ఆ సభ కబురు దిగువ రైతులకూ అందాలి, వాళ్లది పక్క పంచాయతీ అయినా సరే.