పెనుకొండ వీథులలో కాలినడక

పెనుకొండకు పోయినవారు సాధారణముగా గగనమహలును చూచి, కొండవైపు ఒకసారి తలయెత్తి, వచ్చిన బండిలోనే మరలిపోవుదురు. ఆ మహలు అందమైనదే. కాని ఊరి లోపలి వీథులను నడచి చూడనివాడు పెనుకొండను చూచినట్లు కాదు.

1565లో తళ్ళికోట యుద్ధానంతరము తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకొని విజయనగరమును విడిచి, ఇచ్చట రాజధాని నెలకొల్పెను. అంతకు పూర్వమే ఇది రాజ్యములో ముఖ్యమైన దుర్గము. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోని పట్టణము. రామాలయము, శివాలయము పక్కపక్కనే ఉన్నవి. పార్శ్వనాథుని జైనబసది, బాబయ్య దర్గా కూడ నడచి చేరదగిన దూరములోనివే.

బెళుగుప్పవంటి మెట్టసీమ గ్రామమునుండి పోయినవాని చూపు మాత్రము బసవన్న బావివద్ద నిలిచిపోవును. నంది రూపముగల ద్వారమున ప్రవేశించి మెట్లు దిగవలెను. అనంతపురము ప్రాంతమున ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి నీరసించును. ఇట్టి నేలపై రాజధాని నిలుపుట సైన్యమొక్కదానితో అగు పని కాదు. కురిసిన చినుకును బావులయందు, చెరువులయందు పట్టి దాచుకొనవలెను. బోర్లు ఎండిన వేసవిలో ఆ మెట్లు దిగిన రైతుకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఉత్తరపు ఎఱ్ఱమంచి ద్వారమున ఆంజనేయుని బృహద్విగ్రహము కలదు, దానిని మరువకుడు. ఎండ ముదరకముందే బయలుదేరుడు. చెప్పులు విడువవలసిన చోట్లు అనేకము, పది గంటలకే బండలు కాలును.