సెకనుకు 18.2 టిక్కులు

పాత డాస్ ఆటను ఇవాళ్టి కంప్యూటర్లో తెరవబోతే, చాలాసార్లు అసలు తెరుచుకోదు, లేదా మొదట్లోనే బిగుసుకుపోతుంది. తెర నల్లగా ఉండిపోతుంది, కీబోర్డు పలకదు. ఫైలు పాడైందనుకుని తీసిపారేసేవాళ్లే ఎక్కువ. కానీ చాలా సందర్భాల్లో ఫైలు నిక్షేపంగా ఉంటుంది. ఆట తనకు తెలిసిన యంత్రం కోసం వెతుక్కుంటూ ఉంటుంది. ఆ యంత్రం ఎలాంటిదో తెలియాలంటే 1981కి వెళ్లాలి.

ఆ ఏడాది ఆగస్టులో ఐబీఎం తెచ్చిన పర్సనల్ కంప్యూటర్లో 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఒకటి ఉండేది. అమెరికా కలర్ టీవీ సిగ్నల్‌కు పొసిగేలా ఎంచుకున్న అంకె అది. దాన్ని 3తో భాగిస్తే ప్రాసెసర్ వేగం, 4.77 మెగాహెర్ట్జ్. 12తో భాగిస్తే ఇంటెల్ 8253 అనే టైమర్ చిప్‌కు అందే 1.193 మెగాహెర్ట్జ్. ఆ చిప్ 65,536 లెక్కపెట్టిన ప్రతిసారీ ప్రాసెసర్‌ను ఒకసారి తట్టేది. అంటే సెకనుకు 18.2 టిక్కులు, సుమారు 55 మిల్లీసెకన్లకు ఒకటి. టీవీ కోసం పుట్టిన ఈ వింత అంకే డాస్ ప్రోగ్రాములకు కాలమానమైంది.

తొలినాటి ఆటలు రాసినవాళ్లు చాలామంది ఆ టైమర్ జోలికే పోలేదు. బొమ్మ నెమ్మదిగా కదలాలంటే మధ్యలో ప్రాసెసర్ చేత ఊరికే కొన్ని వేలు లెక్కపెట్టించేవారు. 1984లో ఐబీఎం ఏటీ 6 మెగాహెర్ట్జ్‌తో రావడంతో ఆ లెక్క చెల్లలేదు, ఆటలు పరుగు లంకించుకున్నాయి. తర్వాతి రోజుల్లో కంప్యూటర్ డబ్బా ముందువైపు టర్బో మీట వచ్చింది ఈ ఇబ్బంది వల్లే. పాత ప్రోగ్రాముల కోసం యంత్రాన్ని నెమ్మది చేయడమే దాని పని. తొంభైల్లో మన ఊళ్ల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో ‘డేవ్’, ‘ప్రిన్స్’ ఆడినవాళ్లు ఆ మీటను చూసే ఉంటారు.

వేగాన్ని ముందే కొలుచుకుని నడిచే ప్రోగ్రాములు కూడా చిక్కులో పడ్డాయి. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే ఉదాహరణ బోర్లాండ్ వారి టర్బో పాస్కల్. 1992లో వచ్చిన 7వ వెర్షన్‌లో సీఆర్‌టీ అనే భాగాన్ని వాడుకున్న ప్రోగ్రామ్ ఏదైనా సరే, మొదలవగానే ఒక టిక్కు సేపు ఖాళీ లూపు తిప్పుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో చూసి 55తో భాగిస్తుంది. వచ్చిన జవాబే మిల్లీసెకనుకు ఇన్ని చుట్లు అన్న కొలత. పద్ధతి చక్కనిదే. అయితే ఆ జవాబు 16 బిట్లలో, అంటే 65,535 లోపల ఇమడాలి. 200 మెగాహెర్ట్జ్ స్థాయి పెంటియం ప్రో, పెంటియం 2 ప్రాసెసర్లు ఒక టిక్కులో 36 లక్షల చుట్లు దాటేశాయి. జవాబు పట్టలేదు. భాగహారంలో జవాబు పట్టకపోయినా, సున్నాతో భాగించినా ఇంటెల్ ప్రాసెసర్ ఇచ్చే సంకేతం ఒక్కటే. అందుకే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’, అంటే సున్నాతో భాగించారన్న ఫిర్యాదు తెరమీద పడి, ఆట మొదలుకాకుండానే ముగిసేది. లెక్కలో ఎక్కడా సున్నా లేదు. కంప్యూటర్ మరీ వేగంగా ఉండటమే నేరం.

ఇక నిజంగా బిగుసుకుపోయే ఆటల విషయానికొస్తే, మొదట అనుమానించాల్సింది సౌండ్ కార్డునే. డాస్‌లో కార్డు ఎక్కడుందో ఆటకు చాలాసార్లు మనమే చెప్పాలి: సాధారణంగా పోర్టు 220, ఐఆర్‌క్యూ (కార్డు కబురు పంపే గీత) 5 లేదా 7, డీఎమ్ఏ 1. ఐఆర్‌క్యూ తప్పు చెబితే ఆట శబ్దాన్ని పంపి, ‘అయింది’ అన్న కబురు కోసం ఒక గీత మీద కాచుకుని ఉంటుంది. కబురేమో మరో గీత మీద వస్తుంది. ఎంతసేపు చూసినా ఆట కదలదు.

ఇవన్నీ ఆట మొదలైతేనే. ఇవాళ్టి 64 బిట్ విండోస్ డాస్ ఆటల్లాంటి 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు. ఆ లోటు తీర్చింది డాస్‌బాక్స్. నెదర్లాండ్స్ ప్రోగ్రామర్లు 2002లో విడుదల చేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ 8253 టైమర్‌నూ, సౌండ్ బ్లాస్టర్ అనే సౌండ్ కార్డునూ, డాస్‌నూ సాఫ్ట్‌వేర్‌లోనే సృష్టిస్తుంది. దాని కిటికీ పైపట్టీలో 3000 సైకిల్స్ అని కనిపిస్తుంది. మిల్లీసెకనుకు దాదాపు అన్ని ఆదేశాలు నడుపుతున్నానని అర్థం. కంట్రోల్‌తో ఎఫ్11 నొక్కితే ఆ అంకె తగ్గుతుంది, ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. టర్బో మీట చేసిన పనే ఇది, కాకపోతే ఎంత కావాలంటే అంత సర్దుకోవచ్చు. సైకిల్స్‌ను గరిష్ఠానికి పెడితే పాత ఎర్రర్ 200 ఇక్కడా ప్రత్యక్షం కావచ్చు. అంత నమ్మకంగా అనుకరిస్తుంది.

కాబట్టి ఆట బిగుసుకుపోతే ముందు దాని ఫోల్డర్లో సెటప్ ఫైలు ఉందేమో చూడండి. డాస్‌బాక్స్‌లో దాన్ని నడిపి సౌండ్ బ్లాస్టర్ ఎంచుకుని 220, 7, 1 ఇవ్వండి. డాస్‌బాక్స్ మామూలుగా చూపించే కార్డు ఆ అంకెల మీదే ఉంటుంది. అయినా కదలకపోతే శబ్దం వద్దని చెప్పి ప్రయత్నించండి. అప్పుడు నడిస్తే దొంగ దొరికినట్టే. లేదంటే సైకిల్స్ తగ్గించండి, ఆ తర్వాత పెంచి చూడండి. ఇవన్నీ అయ్యాకే ఫైలును అనుమానించండి. అటక మీద ఇంకా ఫ్లాపీలు ఉన్నవాళ్లు మాత్రం ఆలస్యం చేయకండి. వాటి మీది అయస్కాంత పూత ఏటికేడు చెడిపోతుంది. చదవగలిగినవన్నీ ఇప్పుడే కాపీ చేసి పెట్టుకోండి.