దేవుని సన్నిధిలో కుర్చీ తగునా?

కార్తిక మాసంలో ఆకాశదీపం ఎత్తిన పిమ్మట ఆలయ మంటపంలో జంపఖానాలు పరచి పురాణ ప్రవచనం జరపడం మా గూడూరు ప్రాంతపు ఆచారం. కొన్నేళ్ల క్రితం అటువంటి ప్రవచనాల్లో ఒక విషయం నా దృష్టికి వచ్చింది. ఏటా స్తంభానికి ఆనుకుని ముందు వరుసలో కూర్చునే ఒక వృద్ధురాలు, ఆ ఏడు ధ్వజస్తంభం దగ్గరే నిలబడి స్వామికి నమస్కరించి, కథ మొదలుకాకముందే వెళ్లిపోతున్నారు. నాలుగవ రోజున ఆపి, "ఏమ్మా, కథ వినకుండానే వెళ్తున్నారు?" అని అడిగాను.

"కూచుంటే లెయ్యలేను సామీ. ఇద్దరు పట్టి లేపాల. నలుగురిలో సిగ్గుగా ఉండాది" అన్నారామె.

ఈ సంగతి తెలిసి ధర్మకర్తలలో ఒకరు మంటపమంతా కుర్చీలు వేయిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. "ఇది కోవెల, సభాభవనం కాదు" అన్నాను. అన్నానే గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏలయనగా, అప్పటికి ఏడాదిగా నేనే ఇంట్లో జపానికి చాప విడిచి పీట మీద కూర్చుంటున్నాను. నా మోకాళ్లకు పీట వేసుకుని, ఆమె మోకాళ్లకు మాత్రం శాస్త్రం చెప్పాను.

శాస్త్రం చెప్పినది

ఆసనానికి మన పెద్దలిచ్చిన స్థానం సామాన్యమైనది కాదు. షోడశోపచారాలలో ఆవాహనం కాగానే స్వామికి సమర్పించేది ఆసనమే. పాద్యం, అర్ఘ్యం, గంధం, పుష్పం, నైవేద్యం అన్నీ ఆ తరువాతనే. భగవద్గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ, ధ్యానం చేసేవాని ఆసనం శుచియైన చోట, స్థిరంగా, మిక్కిలి ఎత్తూ మిక్కిలి పల్లమూ కాకుండా ఉండాలని, దర్భలు, జింకచర్మం, వస్త్రం దానికి పరుపులని చెప్పాడు. పతంజలి మహర్షి ఆసనానికి చెప్పిన లక్షణాలు రెండే: అది స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి.

బ్రహ్మసూత్రాలలో నాలుగవ అధ్యాయం మొదటి పాదంలో వేదవ్యాసుల వారు ఉపాసన కూర్చునే చేయాలని నిర్ణయించారు. నిలుచున్నవాని మనస్సు దేహాన్ని నిలుపుకోవడంలోనే చిక్కుకుంటుందని, పడుకున్నవానిని నిద్ర ఆవరిస్తుందని శంకర భగవత్పాదులు భాష్యంలో కారణం చూపారు. అదే పాదంలో కొద్ది సూత్రాల తరువాత మరొక నిర్ణయం ఉన్నది. చిత్తానికి ఏకాగ్రత ఎక్కడ కుదురుతుందో అక్కడే ఉపాసన చేయవచ్చు, దిక్కు, దేశం, కాలం విషయంలో ప్రత్యేక నియమం లేదు. ఈ రెండింటినీ కలిపి చదివితే విషయం తేటపడుతుంది. కూర్చోవడం ముఖ్యమే, ఎందుకు కూర్చున్నామో అది అంతకంటె ముఖ్యం. కీళ్లనొప్పితో నేలపై కూర్చున్నవారి మనస్సు మోకాలి చుట్టూ తిరుగుతుంది గాని మూర్తి చుట్టూ తిరగదు. నొప్పి ఓర్చుకోలేక స్వామి వైపు కాళ్లు చాచితే, అది సేవాపరాధాలలో ఒకటి అవుతుంది.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటికి వెళ్లే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశం ఉన్నది. మనకంటె శ్రేష్ఠులైనవారు వచ్చినప్పుడు ఆసనమిచ్చి వారి బడలిక తీర్చాలని అందులో ఒక మాట. గడపలోకి వచ్చిన పెద్దలకు పీట వేయడం మన ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం తెలిసిన మర్యాద. మరి స్వామి ఇంటికి వచ్చిన పెద్దలకు ఆ మర్యాద వద్దా?

నేలకు ఉన్న విలువ

అలాగని నేలను చిన్నచూపు చూడరాదు. సంధ్యావందనానికి కూర్చునేముందు భూదేవిని ప్రార్థించి, ఆసనాన్ని పవిత్రం చేయమని వేడుకుంటాం. మనల్ని మోసే తల్లి ఒడిలో కూర్చుంటున్నామన్న భావం అది. శ్రీమద్భాగవతంలో పరీక్షిన్మహారాజు అంతటి చక్రవర్తి, గంగాతీరాన దర్భలు పరచుకుని నేలపై కూర్చున్నాడు. శుకమహర్షికి ఉన్నతాసనమిచ్చాడు. వినేవాడు క్రిందనే ఉండాలన్న వినయం అందులో ఉన్నది. జంపఖానా మీద ధనికుడూ కూలివాడూ ఒకే ఎత్తున కూర్చుంటారు. ఇంతటి సమత్వం వేరే ఏ ఆసనం మీదా దొరకదు.

ఇతరులకూ ఉన్నదే ఈ చిక్కు

ఈ ప్రశ్న మన ఒక్కరిదే అనుకోనక్కరలేదు. ఇంగ్లండులోని పాత చర్చిలలో బిగించిన పొడవాటి చెక్క బల్లలు తీసి, విడి కుర్చీలు వేయాలా వద్దా అని కొన్ని దశాబ్దాలుగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. తాతలనాటి బల్లలు తీయడం అపచారమని కొందరు, చక్రాల కుర్చీలో వచ్చేవారికి దారి కావాలని మరికొందరు అంటారు. విచిత్రమేమంటే, ఆ బల్లలు కూడా తొలినుంచి ఉన్నవి కావు. పూర్వం అక్కడి భక్తులు నిలబడో మోకరిల్లో ప్రార్థించేవారు. కొన్నిచోట్ల గోడల వెంట రాతి అరుగులు మాత్రం ఉండేవి. ప్రసంగాలు దీర్ఘమైన పిమ్మటనే బల్లలు అంతటా వ్యాపించాయి.

సిక్కుల విషయంలో ఇది మరింత తీవ్రమైంది. కెనడాలోని కొన్ని గురుద్వారాలలో లంగరు భోజనానికి బల్లలు, కుర్చీలు వేయగా వర్గాలేర్పడి ఘర్షణలు జరిగాయి. చివరకు 1998లో అమృత్‌సర్‌లోని అకాల్ తఖ్త్, లంగరు నేలపై కూర్చునే స్వీకరించాలని ఆదేశించింది. అందరూ ఒకే వరుసలో, ఒకే ఎత్తున కూర్చోవాలన్నదే అక్కడ మూలసూత్రం.

మన తిరుమలలో దారి వేరు. 2011లో ప్రారంభమైన మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేలాది భక్తులు బల్లల ముందు కూర్చునే స్వామి ప్రసాదం స్వీకరిస్తున్నారు. అక్కడ పంక్తి నేలను విడిచింది గాని సమత్వాన్ని విడువలేదు, అందరికీ ఒకే రకపు ఆసనం కనుక.

మా కోవెలలో జరిగినది

మరుసటి కార్తికానికి నేను మెత్తబడ్డాను. మంటపమంతా అద్దె కుర్చీలు వచ్చాయి. వారం తిరగకముందే లోపాలు కనిపించాయి. ముందు వరుసలు మోకాళ్లు చక్కగా ఉన్నవారితోనే నిండాయి. నిమ్మతోటల్లో కూలికి వెళ్లి నేరుగా కోవెలకు వచ్చే స్త్రీలు, మాసిన చీరలతో కుర్చీ ఎక్కడానికి సంకోచించి మెట్ల మీద కూర్చున్నారు. సాష్టాంగ నమస్కారానికి జాగా లేకపోయింది. ఆ వృద్ధురాలికి వెనుక వరుసలో కుర్చీ దొరికింది. "ఇప్పుడు సామి కనపడ్డంలే, కుర్చీల వీపులే కనపడతా ఉండాయి" అన్నారామె.

నిరుడు కుర్చీ వద్దన్నది నా పొరపాటు. ఈసారి అంతటా వేయనిచ్చినదీ పొరపాటే. ధర్మకర్తలతో కూర్చుని మాట్లాడి, కుర్చీలను రెండు ప్రక్కల గోడల వెంటకు చేర్పించాం. అవి వృద్ధులకు, గర్భిణులకు, నొప్పులున్నవారికి మాత్రమే. నడుమ అంతా యథాప్రకారం జంపఖానాలు పరిపించాం. ఒక్క కుర్చీని మాత్రం ముందు వరుసలో, ఆమె ఎప్పుడూ ఆనుకునే స్తంభం ప్రక్కన వేయించాను. నేనూ అందరి ఎదుటనే పీట వేసుకుని కూర్చున్నాను. ఆమె నా పీట వైపు చూశారు గాని ఏమీ అనలేదు. ఆ ఏడు కథ పూర్తయ్యేదాకా ఒక్కరోజూ మానలేదు.

మనం చేయదగినది

మన నెల్లూరు సీమకు గర్వకారణమైన తిక్కన సోమయాజి తెలుగు చేసిన ఉద్యోగపర్వంలోని కథ అందరికీ తెలిసినదే. నిద్రించే శ్రీకృష్ణుని తలవైపు దుర్యోధనుడు ఉన్నతాసనం మీద కూర్చున్నాడు. అర్జునుడు పాదాల చెంత నిలిచాడు. స్వామి కన్ను తెరవగానే చూపు పడినది అర్జునునిపైనే. దుర్యోధనునికి కీడు చేసినది ఆసనం కాదు, దానిమీద కూర్చున్న అహంకారం. అహంకారం నేలమీదా కూర్చోగలదు, వినయం కుర్చీలోనూ ఒదగగలదు.

కనుక మోకాళ్లు సహకరిస్తున్నంత కాలం నేలపైనే కూర్చుందాం. పిల్లలకు రోజుకు కొంతసేపైనా పద్మాసనమో సుఖాసనమో అలవాటు చేద్దాం. ఇంట వ్రతం చేసుకునే రోజున అమ్మమ్మకో తాతయ్యకో కుర్చీ ఎక్కడో మూల గాక, కలశం కనిపించే చోట వేద్దాం. ఆలయంలో కుర్చీ ఖాళీగా కనిపిస్తే, అది తనకంటె అవసరమైనవారు రాబోతున్నారేమో చూసి గాని కూర్చోవద్దు. నొప్పుల వల్ల కోవెలకు రావడం మానుకున్న పెద్దలు మీ వీధిలో ఉంటే, ఈ ఆదివారమే వెళ్లి పిలవండి. వారికి కూర్చునే చోటు ఉన్నదని చెప్పండి.