సన్నటి తీగ పంటిని ఎలా జరుపుతుంది?

మీ తరగతిలో ఎవరైనా నవ్వినప్పుడు పళ్ళమీద సన్నటి తీగ తళుక్కుమనడం చూశారా? ఎత్తుపళ్ళు, ఎగుడుదిగుడు పళ్ళు ఉన్నవారికి దంతవైద్యులు ఇలా క్లిప్పులు పెడతారు. పంటిని వేళ్ళతో పట్టుకొని ఎంత ఊపినా కదలదు కదా! మరి ఇంత సన్నటి తీగ దాన్ని ఎలా జరుపుతుంది?

పన్ను మేకు కాదు

పన్ను దవడ ఎముకలో ఒక గుంటలో ఉంటుంది. కాని గోడలో దిగగొట్టిన మేకులాగా బిగుసుకొని ఉండదు. పంటివేరుకూ ఎముకకూ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందు నిండా సన్నటి నారపోగులు ఉంటాయి. నులకమంచం మనిషిని మోసినట్లు ఈ పోగులు పంటిని పట్టుకొని ఉంటాయి. మీరు చెరకు కొరికినప్పుడు ఆ దెబ్బ నేరుగా ఎముకకు తగలకుండా కాచేవి ఇవే.

ముందు తవ్వడం, వెనక పూడ్చడం

ఎముక రాయిలా కనిపించినా ప్రాణమున్న పదార్థం. అందులో ఎముకను కరిగించే కణాలూ ఉన్నాయి, కట్టే కణాలూ ఉన్నాయి. మొదటివాటిని ఆస్టియోక్లాస్టులు అనీ, రెండోవాటిని ఆస్టియోబ్లాస్టులు అనీ అంటారు.

తీగ ఒక పంటిని ఎడమవైపుకు నెమ్మదిగా నెడుతోందనుకోండి. ఎడమవైపు పోగులు నలుగుతాయి. అక్కడ కరిగించే కణాలు చేరి ఎముకను కొంచెం కొంచెంగా తొలగిస్తాయి. కుడివైపు పోగులు సాగుతాయి. అక్కడ కట్టే కణాలు కొత్త ఎముకను నింపుతాయి. ఇలా పన్ను తన గుంటతో సహా జరుగుతుంది. తీగ నెట్టి ఊరుకుంటుంది. అసలు పని చేసేది మీ శరీరమే!

ఇందుకు కావలసిన బలం సుమారు 50 నుంచి 100 గ్రాముల బరువంత. పన్ను నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. గట్టిగా లాగితే పని త్వరగా అవుతుందా? కాదు. పోగుల్లోని రక్తనాళాలు నలిగి, అక్కడి కణాలు చనిపోయి, కదలిక ఆగిపోతుంది. పంటివేరు కూడా కరిగి పొట్టిదవుతుంది.

రెండేళ్ళ ఓపిక

వైద్యుడు ముందుగా ఎక్స్‌రే తీసి, పలువరుసకు అచ్చు తీసుకుంటాడు. పళ్ళకు చోటు చాలకపోతే ఒక్కోసారి కొన్నింటిని తీసేయవలసి వస్తుంది. తర్వాత ఒక్కొక్క పంటిమీద బ్రాకెట్ అనే చిన్న బిళ్ళను అతికించి, వాటి గాడిలో తీగ అమరుస్తాడు. వంచిన తీగ తన మొదటి ఆకారానికి రావాలని చూస్తూ పళ్ళను వెంట లాగుతుంది. నెలకోసారి వెళ్ళి తీగను సరిచేయించుకోవాలి. మొత్తం ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. అన్నాళ్ళూ పల్లిపట్టి, సకినాలవంటి గట్టి వస్తువులు కొరకకూడదు. తిన్నప్పుడల్లా పళ్ళు శుభ్రంగా తోముకోవాలి.

తీగ తీసేశాక పోగులు పంటిని పాతచోటికి లాగుతుంటాయి. అందుకే రిటైనర్ అనే అమరికను మరికొంతకాలం పెట్టుకోవాలి.

తీగ చేయలేని పని

బిళ్ళ అంటుకోవాలంటే పంటి పైపొర అయిన ఎనామిల్‌ను ఆమ్లంతో కొన్ని సెకన్లపాటు గరుకు చేయాలి. 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనోకోర్ ఆమ్లంతో గరుకు చేసే ఈ పద్ధతిని చూపాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కొందరు పిల్లల విషయంలో ఇక్కడే ఒక చిక్కు వస్తుంది.

ఇక్కడి నేల కింద గ్రానైట్ రాయి ఉంది. ఆ రాతిలోని ఫ్లోరైడు చాలాచోట్ల బోరునీటిలో కలుస్తుంది. తాగేనీటిలో ఇది లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదు. మించిన నీటిని పసితనం నుంచి తాగితే, చిగురులోపల తయారవుతున్న ఎనామిల్ చెడుతుంది. పళ్ళు సుద్దలాంటి తెల్లమచ్చలతోనో, గోధుమరంగు చారలతోనో వస్తాయి. అలాంటి పంటిమీద ఆమ్లం సరిగా పనిచేయదు. బిళ్ళలు తరచు ఊడిపోతుంటాయి.

తీగ వరుసను సరిచేస్తుంది గాని ఆ చారలను పోగొట్టలేదు. ఎందుకు? ఎముకలో కట్టే కణాలు జీవితాంతం ఉంటాయి. ఎనామిల్‌ను కట్టే కణాలు మాత్రం పన్ను బయటికి వచ్చేసరికే నశిస్తాయి. అందుకే పదమూడేళ్ళప్పుడు వంకరను సరిచేయవచ్చు. కాని మరకను ఆపాలంటే జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ళ ఎనామిల్ తయారయ్యే మొదటి ఎనిమిదేళ్ళలోనే జాగ్రత్తపడాలి.

ఇవి పళ్ళు తోముకోనందువల్ల పట్టిన గార కాదు. కాబట్టి అలాంటి స్నేహితులను ఎగతాళి చేయకండి. ఇటుకపొడితో రుద్దితే మరక పోదు, ఎనామిల్ అరుగుతుంది. మరకలకు దంతవైద్యులు చేసే చికిత్సలు వేరే ఉన్నాయి.

నీటిని కాచినా ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. ప్రపంచమంతా దానిని ‘నల్లగొండ పద్ధతి’ అనే పిలుస్తుంది. ఇప్పుడు కృష్ణ నీరు గొట్టాల ద్వారా ఊళ్ళకు వస్తోంది. నదినీటిలో ఫ్లోరైడు తక్కువ.

మీ ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉన్నారా? వారికి తాగడానికి ఏ నీరు ఇస్తున్నారో ఇవాళే అడిగి తెలుసుకోండి. వారి పళ్ళు ఇప్పుడు చిగురు లోపల తయారవుతున్నాయి!