నాడి చూసినందుకెంత? కత్తి పట్టినందుకెంత?

మా అక్క హౌస్ సర్జన్సీ ముగించుకొని ట్రంకుపెట్టెతో సహా ఇంటికొచ్చిన రోజున మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "డాక్టరువయ్యావు గదమ్మా, మళ్ళీ ఈ పీజీ ఏంటి?" రెండో ప్రశ్న రెండు రోజుల తర్వాత అన్నం తింటూ అడిగాడు: "మామూలు డాక్టరుకీ, స్పెషలిస్టుకీ సంపాదనలో అంత తేడా ఎందుకుంటుంది?" మొదటిదానికి అక్క ఏదో జవాబు చెప్పింది. రెండోదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. బి.యస్సీ. చదివేవాణ్ణి గనుక లెక్కలు నాకొచ్చునని ఇంట్లో వాళ్ళ నమ్మకం. అంచేత ఆ పని నా మీద పడింది.

ఊరికే అడిగిన ప్రశ్న కాదది. ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా కింద పీజీ ఫీజు కట్టాలంటే మా చెరువు కింద రెండెకరాలూ అమ్మాలి. బేరగాడు ఒకసారి వచ్చి గట్ల మీద నడిచి చూసి వెళ్ళాడు కూడా.

మన దేశంలో ప్రైవేటు డాక్టర్ల ఆదాయాలు ఎవరూ కాగితం మీద పెట్టరు. అందుకని అమెరికా లెక్కలు పట్టుకున్నాను. మన గుంటూరు, విశాఖ, ఉస్మానియా మెడికల్ కాలేజీల్లో చదివిన వాళ్ళెందరో అక్కడ ప్రాక్టీసు చేస్తున్నారు కాబట్టి అది మనకు మరీ పరాయి లెక్క కూడా కాదు. అక్కడ మెడ్‌స్కేప్ అనే సంస్థ ఏటా డాక్టర్లనే అడిగి ఆదాయాలు ప్రకటిస్తుంది. 2023 నివేదికలో ప్రైమరీ కేర్ డాక్టర్ల సగటు ఏడాదికి 2,65,000 డాలర్లు. స్పెషలిస్టుల సగటు 3,82,000. ఎముకల డాక్టర్ల సగటైతే ఐదు లక్షలు దాటింది. ప్రైమరీ కేర్ అంటే మనం జనరల్ ప్రాక్టీసు అనేదే కొంచెం విస్తరించి చెప్పుకోవడం: జ్వరం దగ్గర్నుంచి షుగరు దాకా, పిల్లాడి దగ్గర్నుంచి ముసలమ్మ దాకా ముందుగా చూసే డాక్టరన్నమాట.

అందరూ చెప్పే కారణం ఒకటుంది. స్పెషలిస్టు ఎక్కువ ఏళ్ళు చదివాడు, దానికి ప్రతిఫలం అది అని. సరే, లెక్క వేసి చూద్దాం. అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ 3 ఏళ్ళు, ఆర్థోపెడిక్సు 5 ఏళ్ళు. అంటే రెండేళ్ళు అదనం. ఆ రెండేళ్ళూ రెసిడెంటుకి ఏడాదికి అరవై డెబ్బై వేల డాలర్లు మాత్రమే వస్తాయి గనుక, బయట ప్రాక్టీసు చేసుకుంటే వచ్చేదాంట్లో ఏడాదికి రెండు లక్షలు పోగొట్టుకున్నాడనుకుందాం. మొత్తం నాలుగు లక్షలు. పైన చెప్పిన రెండు సగటుల మధ్య తేడా 1,17,000. పన్నులూ వడ్డీలూ పక్కన పెడితే, మూడున్నరేళ్ళలో ఆ నష్టం పూడిపోతుంది. ఎముకల డాక్టరుకైతే రెండేళ్ళు కూడా పట్టదు. ఆ తర్వాత పాతికేళ్ళో ముప్పయ్యేళ్ళో వచ్చే అదనపు ఆదాయానికి చదివిన ఏళ్ళు కారణం కావు. ఇది నోటుబుక్కులో రెండుసార్లు వేసి చూసుకున్న లెక్క.

ఎకనమిక్సు చదివే మా రూమ్మేటు, కొరత వల్ల ధర పెరిగిందన్నాడు. బాగానే ఉంది. కానీ అమెరికా పల్లెల్లో జనరల్ డాక్టర్లకూ కొరతే. మరి వాళ్ళ ధర ఎందుకు పెరగలేదు? దానికి వాడు పుస్తకం మూసి పడుకున్నాడు.

నాకు దారి చూపింది మా నాయనమ్మ. కిందటేడు ఆమెకు ఉన్నట్టుండి కళ్ళు తిరిగేవి. రెండుసార్లు పడింది. పట్నం తీసుకెళ్ళి పెద్ద ఆసుపత్రిలో చూపించాం. స్కానింగు, గుండె పరీక్షలు, రక్తపరీక్షలు, అన్నీ కలిపి పదకొండు వేలు దాటింది. అన్నీ నార్మల్. కళ్ళు తిరగడం మాత్రం ఆగలేదు. చివరికి మా మండలంలో క్లినిక్ నడుపుకునే ఒక పాత ఎం.బి.బి.ఎస్. డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన పరీక్ష రాయలేదు. "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసి పట్రండి" అన్నాడు. బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్క అట్టా తిప్పి చూశాడు. ఇద్దరు డాక్టర్లు వేరు వేరు సందర్భాల్లో రాసిచ్చిన రెండు బి.పి. మాత్రలు, పేర్లు వేరైనా లోపలి మందు ఒకటే. నాయనమ్మ రెండూ భక్తిగా వేసుకుంటోంది. నిలబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి బి.పి. చూసి, ఒక మాత్ర ఆపించేశాడు. అరగంట పట్టింది. ఫీజు వంద రూపాయలు. వారం తిరిగేసరికి ఆమె మళ్ళీ పాల చెంబుతో దొడ్లోకి నడిచింది.

స్కానింగుకు రేటుంది. ఆ అరగంట ఆలోచనకు రేటు లేదు. అంచేత నా ప్రశ్న కొంచెం మారింది. ఎవరు ఎక్కువ చదివారన్నది కాదు, డాక్టరు చేసే ఏ పనికి ధర కడుతున్నారు, ఎవరు కడుతున్నారు అన్నది.

అమెరికాలో ఈ ధర కట్టడానికి పెద్ద కథే ఉంది. వృద్ధుల వైద్యానికి 1965లో మెడికేర్ చట్టం వచ్చినప్పుడు, డాక్టర్లు మామూలుగా ఎంత తీసుకుంటున్నారో అదే ప్రభుత్వం చెల్లించే పద్ధతి పెట్టారు. అప్పటికే ఆపరేషన్లకు రేట్లు ఎక్కువ, మాట్లాడి మందు రాసేదానికి తక్కువ. ఆ ఎక్కువ తక్కువలు అలాగే గడ్డకట్టాయి. 1980లలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో విలియం షావ్ అనే ఆర్థికవేత్త దీన్ని కొలిచే పనికి పూనుకున్నాడు. డాక్టరు పనిలో ఏమేముంటాయి? పట్టే సమయం, బుద్ధికి పెట్టే శ్రమ, చేతి నైపుణ్యం, రోగికి ఏమవుతుందోనన్న ఒత్తిడి. ఈ నాలుగింటినీ కలిపి, ఒక్కొక్క సేవా ఎంత పనో డాక్టర్లనే అడిగి తూచాడు. 1988లో ఫలితాలు వచ్చాయి. పెట్టే శ్రమతో పోలిస్తే కత్తితో చేసే పనులకు ఎక్కువ, చూసి ఆలోచించి చెప్పే పనులకు తక్కువ చెల్లిస్తున్నారని తేలింది. నాయనమ్మ సంచి కథను అంకెల్లో చెప్పినట్టే అనిపించింది నాకు.

దాని ఆధారంగా 1989లో చట్టం చేశారు. 1992 జనవరి 1 నుంచి మెడికేర్ కొత్త కొలత అమలుచేసింది. ప్రతి పనికీ ఇన్ని పాయింట్లు, పాయింటుకి ఇన్ని డాలర్లు. అక్కడితో న్యాయం జరిగిపోవాలి కదా?

జరగలేదు. ఎందుకంటే పాయింట్లు ఎప్పటికప్పుడు సవరించుకోవాలి. ఒకప్పుడు కంటి శుక్లం ఆపరేషనంటే రోగి రోజుల తరబడి ఆసుపత్రిలో పడుకోవాలి. ఇప్పుడు నిమిషాల్లో పని, సాయంత్రానికి ఇల్లు. పని తేలికైనప్పుడు పాయింట్లు తగ్గాలి. రోగితో మాట్లాడే పని మాత్రం ఏ మిషనొచ్చినా తేలిక కాదు, ముసలమ్మ తన బాధ చెప్పుకునే వేగంతోనే చెబుతుంది. ఈ సవరణలు సూచించడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1991లో ఒక కమిటీ పెట్టింది. అందులో సభ్యులు ముప్పై మందికి పైనే. ఎక్కువమంది స్పెషలిస్టుల సంఘాల తరఫున వచ్చేవాళ్ళు. వాళ్ళ సూచనల్లో చాలా వాటిని ప్రభుత్వం ఒప్పుకుంటూ వచ్చింది. ప్రైవేటు బీమా కంపెనీలు కూడా చాలావరకు ఇవే పాయింట్లను ఆధారం చేసుకుంటాయి. ఈ ముక్క చెప్పగానే మా నాన్నకు వెంటనే అర్థమైంది. "కాటా వాళ్ళ చేతిలో ఉందన్నమాట" అన్నాడు. మిర్చి యార్డుకు టిక్కీలు తోలి తూకం దగ్గర నిలబడ్డ మనిషికి ఇంతకంటె వివరించక్కరలేదు.

పైగా మొత్తం సొమ్ము పరిమితం. ఒకరికి పెంచితే ఇంకొకరికి కోయాలి. 2021లో మెడికేర్ మామూలు సంప్రదింపుల పాయింట్లు పెంచితే, ఆ మేరకు మిగతా సేవలకు కోత పడి సర్జన్ల సంఘాలు గొడవ చేశాయి. కోత బాధ తగ్గించడానికి అక్కడి పార్లమెంటు ఆ ఏటికి అదనంగా డబ్బు కేటాయించాల్సి వచ్చింది. సర్జన్లను నేను తప్పుపట్టడం లేదు. రాత్రి రెండింటికి లేచి తెగిన పేగు కుట్టేవాడి ఒత్తిడి నాకు తెలియదు.

బ్రిటన్ తీరు వేరు. 1948 జూలై 5న నేషనల్ హెల్త్ సర్వీసు మొదలైనప్పుడు ఆసుపత్రి కన్సల్టెంట్లకు జీతాలు, పైన ప్రతిభ అవార్డుల సొమ్ము. జనరల్ ప్రాక్టీషనర్లకు తన జాబితాలో ఉన్న మనుషుల్ని బట్టి తలకింత. అక్కడ అత్యవసరమైతే తప్ప జి.పి. చీటీ లేకుండా స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళడానికి లేదు. అయినా జి.పి.లు చాలాకాలం వెనకబడే ఉన్నారు. 2004లో కొత్త ఒప్పందం వచ్చింది. షుగరు, బి.పి., ఉబ్బసం ఉన్న రోగులను క్రమం తప్పకుండా చూసుకున్నందుకు కూడా చెల్లించడం మొదలుపెట్టారు. ఒకటి రెండేళ్ళలో జి.పి. భాగస్వాముల సగటు ఆదాయం లక్ష పౌండ్లు దాటి కన్సల్టెంట్ల దగ్గరదాకా వచ్చింది. అదే డాక్టరు, అదే చదువు. మారింది ఒప్పందం కాగితం.

ఇక మన సంగతి. మనకు కమిటీ కూడా లేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషనుకు ప్యాకేజీ రేటు పెట్టారు. ఆ పథకాన్ని తక్కువ చేసి మాట్లాడను, మా ఊళ్ళో ఇద్దరు దాని చలవ వల్లే తిరుగుతున్నారు. కానీ ఆ గుండెకు జబ్బు రాకుండా పదేళ్ళు బి.పి. చూసుకుంటూ వచ్చిన డాక్టరుకు ఆ జాబితాలో గడి లేదు. జేబులోంచి ఇచ్చే మనమూ అంతే. స్కానింగుకు వేలు లెక్కపెట్టి ఇస్తాం, "ఉత్తినే మాట్లాడి పంపించాడు, రెండొందలు గుంజాడు" అని జనరల్ డాక్టరు మీద నిష్ఠూరమాడతాం. ఆ ఆదాయం చాలక కొందరు పెద్దాసుపత్రికి రోగిని పంపి వాటా పుచ్చుకుంటున్నారని అందరికీ తెలుసు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు అలాంటి కమీషన్ను స్పష్టంగా నిషేధించాయి. నియమం పుస్తకంలో ఉంది, వాటా కవరులో ఉంది. చూసినందుకు ఇవ్వని డబ్బు, పంపినందుకు ఇస్తున్నామన్నమాట. రోగి బిల్లులోనే అది కూడా కలిసి వస్తుంది.

ఇదంతా నాన్నకు చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "అయితే స్పెషలిస్టు అయితేనే గిట్టుబాటంటావు" అన్నాడు. అమెరికా లెక్క ప్రకారం అంతే. కాకపోతే నేను వేసిన లెక్కలో పొలం అమ్మకం లేదు, వడ్డీ లేదు. అవి కూడా వేస్తే మన దగ్గర ఎన్నేళ్ళకు పూడుతుందో చెప్పడానికి అంకెలు దొరకడం లేదన్నాను. దొరికేదాకా బేరగాణ్ణి ఆగమన్నాడు.

ఈ మధ్య అక్క తన ఆప్షన్ల జాబితా నాకు చూపించింది. మొదటి వరసలో ఉన్నది డి.ఎన్.బి. ఫ్యామిలీ మెడిసిన్. మూడేళ్ళు, పొలం అమ్మక్కర్లేదు. నాన్నకు ఇంకా చెప్పలేదు. ఈ సావనీరు ఇంటికి పట్టుకెళ్తే ఆయనే చదువుకుంటాడు.