బండి ఏల నిలిచినది?

విజయవాడ వంటి కూడలిలో, చెన్నై నుండియు, హౌరా నుండియు, కాజీపేట మీదుగా ఢిల్లీ నుండియు వచ్చు బండ్లు ఒకదాని కొకటి దారి యిచ్చుకొనుచు సాగిపోవలసిన చోట, ఒక ఎక్స్‌ప్రెస్సు ఇరువది నిమిషములు ఆలస్యమైనచో ప్రయాణికుని చెవిని బడునది ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అను ప్రకటన మాత్రమే. ఆ ఇరువది నిమిషములు ఏ రెండు స్టేషన్ల నడుమ పోయినవి, ఏల పోయినవి, రేపటి బండికి పోకుండ ఏమి చేయవలెను అని శోధించుటయే నిత్యకృత్యముగా గల ఉద్యోగులు డివిజన్ కంట్రోలు ఆఫీసులో కలరని అతడెరుగడు. ఎరుగవలెనని నా కోరిక.

వీరికి మొదటి ఆధారము కంట్రోలు చార్టు. అడ్డముగా గంటలు, నిలువుగా స్టేషన్లు. నడుచు బండి ఒక ఏటవాలు గీత. గీత నిటారుగా లేచినచో బండి పరుగెత్తినది, అడ్డముగా సాగినచో ఎక్కడనో నిలిచినది. పూర్వము సెక్షన్ కంట్రోలరు ఫోను చెవినుంచుకొని ‘మాస్టారూ, ఎన్నింటికి వదిలారు?’ అని స్టేషను స్టేషనును అడుగుచు పెన్సిలుతో గీసిన ఈ గీతను నేడు కంప్యూటరు గీయుచున్నది గాని, దానిని చదువు విద్య మాత్రము మారలేదు. గార్డు తన జర్నలులో వ్రాసిన వేళలను ఈ గీతతో సరిచూచి, పోయిన ప్రతి నిమిషమునకు ఒక కారణమును, ఆ కారణమునకు ఒక శాఖను నిర్ణయింపవలెను. ఇంజను మొరాయించుట, పట్టా విరుగుట, గేటు పడకపోవుట, పశువు అడ్డుపడుట, పొరుగు డివిజను బండిని ఆలస్యముగా అప్పగించుట, ఇట్టివి తేలికగా తేలును. అకారణముగా చైను లాగుటయు అంతే. 1989 నాటి రైల్వే చట్టము 141వ సెక్షను దానికి ఏడాది వరకు ఖైదు గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధించుచున్నను చైను లాగువారు లాగుచునే యున్నారు.

తేలనిది సిగ్నలు వ్యవహారము. వానరాత్రి ఒక చిన్న స్టేషనులో, ముందు దారి ఖాళీగా నున్నను సిగ్నలు ఎఱ్ఱగానే నిలిచిన దనుకొందము. పట్టాలలో స్వల్పమైన విద్యుత్తు ఒక సర్క్యూటుగా ప్రవహించుచుండును; బండి వచ్చి నిలిచినపుడు ఆ విద్యుత్తు చక్రముల ఇరుసు గుండా మరలిపోవుటచే రిలే అను విద్యుత్తు మీట పడిపోయి సిగ్నలు ఎఱ్ఱబారును. ఏ లోపము కలిగినను ఎఱ్ఱదీపమే వెలుగునట్లు చేసిన ఈ ఏర్పాటు ప్రాణరక్షకము. కాని బురద పట్టిన కంకరలో నీరు నిలిచినను విద్యుత్తు కారిపోయి, లేని బండి ఉన్నట్లే తోచును. రెండు సర్క్యూట్లను వేరుచేయు అతుకు కడ, చక్రముల దెబ్బలకు పట్టా చివరి ఇనుము పలుచని రేకువలె సాగి అవతలి పట్టాను తాకినను అంతే. అప్పుడు స్టేషన్ మాస్టరు టీ/369(3బి) ఫారము వ్రాసి యిచ్చిన గాని డ్రైవరు ఎఱ్ఱదీపమును దాటరాదు. దాటినను పాయింట్ల మీద నెమ్మదిగా సాగవలెను. ఇంతలో వెనుక బండి నిలుచును, లూపు లైనులోని గూడ్సునకు దారి దొరకదు.

తెల్లవారిన పిమ్మట సిగ్నలు శాఖవారు కంకరయు పట్టాయు ఇంజనీరింగువారివనుచు, ఇంజనీరింగువారు సర్క్యూటు సిగ్నలువారిదనుచు వాదింతురు. ఎవరి పద్దున నిమిషములు పడిన వారికి పైవారి ప్రశ్నలు తప్పవు గనుక, ‘భారీ వర్షము’ అని వ్రాసి అందరును చేతులు దులుపుకొనుట సులభమగును. ఇచటనే కంట్రోలు ఉద్యోగి ధర్మము బయటపడవలెను. డేటాలాగరు అను యంత్రము ప్రతి రిలే పడిన క్షణమును, లేచిన క్షణమును నమోదు చేయుచుండును. దానిని వెనుకకు త్రిప్పి చూచినచో, అదే సర్క్యూటు వానకు ముందు రాత్రులలోనే క్షణకాలము పడి, తానే లేచి, ఎవరి దృష్టికిని రాకపోయిన సంగతి పెక్కుమారులు కనబడును. పట్టాల ప్రక్కన పూడిన నీటి కాలువను తీయింపకయే వానను నిందించుట అసత్యమని నా దృఢాభిప్రాయము. ఆ లెక్కను నమ్మి రేపు ఏ కాలువనైనను ఎవడు త్రవ్వించును?

మరియొక దోషము కొలతలోనే కలదు. బండి గమ్యస్థానము చేరిన వేళను బట్టి సమయపాలనను లెక్కించుట వాడుకయై, టైంటేబిలులో చివరి స్టేషనుకు ముందు అదనపు వ్యవధి చేర్చుటచే, నడిమి స్టేషనులో అరగంట నిరీక్షించినవాని కష్టము లెక్కకు రాకయే పోవచ్చును.

2016 జూన్‌లో అజ్మీర్-జమ్మూ ఎక్స్‌ప్రెస్సు నాలుగు గంటలు ఆలస్యమగుటచే శ్రీనగర్ విమానము తప్పిన ప్రయాణికుని వ్యాజ్యమున, ఆలస్యము తన వశములో లేని కారణమున కలిగినదని రైల్వే నిరూపింపనిచో పరిహారము చెల్లింపవలసినదేయని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. కావున కంట్రోలు ఆఫీసులో వ్రాయబడు కారణము ఇక శాఖల ఇంటిగొడవ కాదు. ఏ బండి ఏల ఆలస్యమైనదో మరునాడైనను స్టేషను బోర్డు మీద తెలుగులో వ్రాయించుడని రైల్వేవారిని ప్రార్థించుచున్నాను. అట్లు వ్రాయింపవలెనని అడుగుడని పాఠకులను కోరుచున్నాను.